గుమ్మం దగ్గర రెక్కలు

స్మీనాకి చిన్నప్పటి నుంచీ ఒకటే జబ్బు. ఏది చూసినా "ఎందుకు?" అని అడగాలి. కోడి ఒంటికాలి మీద ఎందుకు నిలబడుతుంది, మేక నెమరేసేటప్పుడు కళ్లెందుకు మూస్తుంది, అంజూరపు ఆకు తుంచితే పాలెందుకు కారతాయి. "నీ నోటికి తాళం వేసేవాడే మొగుడుగా రావాలే" అని వాళ్లమ్మ విసుక్కునేది. వచ్చిన మొగుడు మెజియాన్ తాళం వేసే రకం కాదు. అడిగినదానికల్లా ఏదో ఒక కోత కోసి నవ్వించే రకం.

ఆమె అన్నిటికన్నా ఎక్కువసార్లు అడిగింది దొక్కార్ గురించి. దొక్కార్ అంటే మగ అంజూరం. రాళ్ల సందుల్లో తనంతట తనే మొలుస్తుంది. దాని కాయ బెండులా ఉంటుంది, మనుషులు నోట పెట్టలేరు. విప్పి చూస్తే లోపల దుమ్మంత నల్లటి ఈగలు గిజగిజలాడుతుంటాయి. జూన్ మొదట్లో ఆ కాయల్ని కోసి, గడ్డితాళ్లకి దండలు గుచ్చి, పండ్లిచ్చే చెట్ల కొమ్మలకి తగిలించాలి. తగిలిస్తే పిందె నిలుస్తుంది. లేకపోతే మూడు నాలుగు వారాల్లో పసుపెక్కి రాలిపోతుంది. జుర్జురా కొండల్లో పాలు తాగే పిల్లకి కూడా ఈ సంగతి తెలుసు. ఆ ఈగలు దండలోంచి బయటికొచ్చి ఎక్కడికి పోతాయో మాత్రం ఆమెకి ఎవరూ చెప్పలేదు.

పెళ్లయిన మొదటి ఏడు ఈ ప్రశ్నే మొగుణ్ణి అడిగింది.

"చెట్టు చెవిలోకి దూరి, 'పిందె వదలకే తల్లీ' అని చెబుతాయి" అన్నాడు మెజియాన్ కొమ్మ మీద నుంచి. "నువ్వు కింద నిలబడి దండలందించు. పైన పని మగాళ్లది."

ఇరవై తొమ్మిదేళ్లు ఆమె కింద నిలబడి దండలందించింది. మొన్న చలికాలంలో మంచు కురిసిన వారం మెజియాన్ దగ్గుతో మంచమెక్కాడు, మళ్లీ దిగలేదు. పిల్లలు లేరు. మిగిలింది పదకొండు అంజూరపు చెట్లు, ఒక దొక్కార్, ఒక గాడిద, నాలుగు కోళ్లు, లల్లా. లల్లా అంటే నల్లమేక. దొరసానిలా తల ఎగరేసుకుని నడుస్తుందని మెజియానే దానికి 'అమ్మగారు' అనే అర్థమొచ్చే ఆ మర్యాదైన పేరు పెట్టాడు.

నలభయ్యో రోజున గోధుమరవ్వతో కుస్‌కుస్ వండి ఊరికి పెట్టారు. గిన్నెలు ఇంకా తోమకముందే మరిది బెలయీద్ మాట కదిపాడు.

"వదినా, నా మాట చెడ్డగా అనుకోకు. చెట్టెక్కేవాడు పోయాడు. నువ్వు కింద పట్నంలో మీ అన్నల దగ్గరికెళ్లి సుఖంగా ఉండు. తోట నేను చూసుకుంటా. నీ వాటా నీకు పంపిస్తా."

"చూసుకోవడమంటే?"

బెలయీద్ కాసేపు నీళ్లు నమిలాడు. "చెట్లు ముసలివైపోయాయి కదా. కొట్టేసి కోళ్ల షెడ్డు వేద్దామని."

స్మీనా చేతిలో గిన్నె కింద పెట్టింది. బెలయీద్ చెడ్డవాడు కాదు. అన్న శవాన్ని మంచులో భుజాన మోసినవాడు, ఆ నలభై రోజులూ ఆమెకి కట్టెలు కొట్టి ఇచ్చినవాడు. కానీ ఒక ఆలోచన బుర్రలోకి వచ్చిందంటే, మేకు దిగినట్టు దిగిపోతుంది వాడికి. బెలయీద్‌కి పక్కనే సొంత చెట్లున్నా, ఈ తోట మాత్రం అన్నదమ్ములు పంచుకోకుండా ఉంచుకున్నది. అందుకని మాట ఊరి సభకెళ్లింది. సభలో అందరికన్నా పెద్ద లూనిస్ తాత. చేతికర్ర మీద గడ్డం ఆనించి ఇద్దరి మాటా విన్నాడు.

"ఒక్క వేసవి చూద్దాం" అన్నాడు చివరికి. "స్మీనా పిందె నిలబెడితే తోట స్మీనాది. మళ్లీ ఎవడూ ఆ మాట ఎత్తకూడదు. పిందె రాలిపోతే బెలయీద్‌ది. జూలైలో మూడో శుక్రవారం నేనే వచ్చి చూస్తా."

అదీ సంగతి. ఆ ఏడు వసంతమంతా ఆమెకి నిద్ర సరిగా పట్టలేదు. మార్చిలో చెట్ల మొదళ్లు తవ్వింది. ఏప్రిల్‌లో లల్లా ఈనితే పిల్లకి పాలు వదిలి మిగతావి చిలికింది. మే నెలలో కొమ్మెక్కడం నేర్చుకుంది, నలభై ఎనిమిదేళ్ల వయసులో. పరికిణీ నడుముకి దోపుకుని చెట్టెక్కుతుంటే దారిన పోయే ఆడవాళ్లు ఆగి మరీ చూశారు. "పడితే చెప్పవే, పట్టుకుంటాం" అని ఒకావిడ. "పడేముందు చెప్పడం కుదరదులే" అంది స్మీనా పైనుంచి.

జూన్‌లో దొక్కార్ కాయలు మెత్తబడ్డాయి. ఒక రోజు పొద్దుటే కోసి, దండలు గుచ్చి, నిచ్చెన భుజాన వేసుకునేసరికి దక్షిణపు గాలి లేచింది. ఎడారి నుంచి వచ్చే గాలి అది. పొయ్యి మూత తీసినట్టు మొహాన కొడుతుంది. ఆ గాలిలో దండలు కట్టొద్దని మెజియాన్ ఎప్పుడూ అనేవాడు. కట్టకుండా దండల్ని ఏం చేయాలో మాత్రం ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. లోకంలో ఉన్న ప్రశ్నలన్నీ అడిగింది, ఆ ఒక్కటి తప్ప.

పక్క పొలం గట్టు మీద నుంచి బెలయీద్ కేకేశాడు. "నావి తెల్లారకముందే కట్టేశా వదినా. నువ్వు ఇంకా తాళ్లు పేనుతున్నావా?"

"గాలి తగ్గాక కడతా."

"కట్టు, కట్టు. చెట్లు నీ కోసం కూర్చుని ఉంటాయి."

స్మీనా దండలన్నీ తెచ్చి ధాన్యపు మట్టిజాడీలున్న కొట్టుగదిలో వేలాడదీసింది. వేడి తగలకుండా గోడకున్న పిడికెడంత కిటికీలో గుడ్డ కుక్కి తలుపు బిగించింది. ఎండకి పాడయ్యే ఏ వస్తువునైనా ఆ ఇంట్లో అలాగే దాస్తారు. వెన్నని దాచినట్టు దాచింది.

గాలి ఒక పగలూ ఒక రాత్రీ వీచి తగ్గింది. పొద్దున్నే తలుపు తీసింది. దండలు పచ్చగా చెక్కుచెదరకుండా ఉన్నాయి. హమ్మయ్య అనుకుని వెలుతురు కోసం కిటికీలో గుడ్డ లాగింది. గుడ్డతో పాటు నల్లటి పొడి జలజలా రాలి ఆమె మోచేతి మీద పడింది. మసి అనుకుంది. వేలితో తీసి వెలుతురులో చూస్తే దానికి కాళ్లున్నాయి.

ఈగలు. గుడ్డ పోగుల సందుల్లోంచి సన్నగా వెలుతురు వస్తుంటే దాని మీదికి ఎగబాకి ఎగబాకి, కిటికీ గూట్లో కుప్పగా చచ్చిపోయాయి. ఒక దొక్కార్ కాయ విప్పింది. ఖాళీ. ఇంకోటి విప్పింది. ఖాళీ.  స్మీనా జాడీకి చేరగిలబడి కూర్చుండిపోయింది. ఇంటికి ఉన్న ఒక్క దొక్కార్ చెట్టు కాయలన్నీ అవే. పోయిందంటే మొత్తం పోయినట్టే.

అయినా లేచింది. లేచి ఆ ఖాళీ దండల్నే తీసుకెళ్లి పదకొండు చెట్లకీ కట్టింది.  ఊరు చూస్తోంది కాబట్టి కట్టింది. గట్టు మీద నుంచి బెలయీద్ చూసి, "పర్లేదే వదినా, మా అన్న ముడే వేశావు" అని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు ఆమె మొహాన ఉమ్మినట్టు తగిలింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

కొత్త దొక్కార్ కావాలంటే బెలయీద్‌ని అడగాలి. అడిగితే తప్పు ఒప్పుకున్నట్టే. పైగా కింద ఊళ్లో దొక్కార్ చెట్లన్నిటికీ కాయ అయిపోయింది. గాడిద మీద గంటన్నర ఎక్కితే పై ఊరు వస్తుంది. అక్కడ చలి ఎక్కువ, అన్నీ పదిరోజులు ఆలస్యం, కాయ ఇంకా చెట్టు మీదే ఉంటుంది. అక్కడ ఫెత్తా అవ్వకి రెండు దొక్కార్ చెట్లున్నాయి. అవ్వ స్మీనా వాళ్లమ్మకి దూరపు చుట్టం.

స్మీనా వెళ్లేసరికి అవ్వ గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయల్ని జడలా అల్లుతోంది. కళ్లు సరిగా ఆనవు, చేతులే చూస్తాయి. సంగతంతా చెప్పింది స్మీనా, గుడ్డ కుక్కిన సంగతితో సహా. అవ్వ అల్లడం ఆపలేదు.

"గదిలో పెట్టి బిగించావా? ఎవరే నీకు బుద్ధులు చెప్పింది?"

"ఎవరూ చెప్పలేదు. అదేగా బాధ."

"సరే, రాత్రి ఇక్కడే పడుకో. పొద్దు పొడవకముందే కోసుకో. పైన తడిగుడ్డ కప్పు, బుట్ట మూయకు. ఎండ తగిలేలోపు చెట్టు మీదుండాలి."

"నేనేమివ్వను అవ్వా?"

అప్పుడు ఆగాయి అవ్వ వేళ్లు. "అరవై ఏళ్లు కట్టాను ఈ దండలు. ఆ ఈగలు ఎక్కడికి పోతాయో ఒక్కసారీ చూడలేదు. ఒక చేత్తో పిల్లాడు, ఒక చేత్తో తాడు, చూసే తీరికెక్కడిది. ఇప్పుడు తీరిక ఉంది, కళ్లు లేవు. నువ్వు చూసి, వచ్చి చెప్పు. అదే నాకియ్యాల్సింది."

స్మీనా అవ్వ పక్కన కూర్చుని ఉల్లిపాయల జడ రెండో కొస పట్టుకుంది. తనొక్కతే పిచ్చిది అనుకుంటూ ఇన్నేళ్లు గడిపింది మరి.

మర్నాడు తెల్లారేసరికి రెండు బుట్టల కాయలతో కిందికి దిగింది. ఖాళీ దండలు తీసి కొత్తవి కట్టింది. పదకొండో చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆమె బుర్రలో పాత జబ్బు కదిలింది. ఆ చెట్టుకి కిందికి వంగిన కొమ్మ ఒకటుంది, ఇరవై దాకా పిందెలుంటాయి. తలకి కట్టుకున్న సన్నటి గుడ్డ విప్పి ఆ కొమ్మకి సంచీలా తొడిగి, మొదట్లో తాడుతో బిగించింది. ఈగ దూరకపోతే ఏమవుతుందో చూడాలి. ఒక్క పిందె కూడా పోగొట్టుకునే స్థితిలో లేదు తను, ఆ సంగతి తెలుసు. అయినా చేతులు ఆగలేదు.

తర్వాత మెజియాన్ ముళ్లు తీసుకోవడానికి వాడే దళసరి కళ్లజోడు పెట్టుకుని, ఇంకో కొమ్మ దగ్గర ఒక్క పిందె ముందు నిలబడింది. లల్లా వచ్చి పరికిణీ అంచు నమిలింది. తోలింది. మళ్లీ వచ్చింది. ఎండ కొమ్మ మీదికి వచ్చింది. దొక్కార్ కాయ కొనలో చిల్లి లోంచి ఒక ఈగ తల బయటపెట్టింది. ఒళ్లంతా పసుపచ్చటి పిండి. రొట్టెలు చేసి లేచిన ఆడదానిలా ఉంది.

అది ఎగిరి పిందె మీద వాలింది. పిందె కొనలో చిన్న కన్ను ఉంటుంది, ఆకులు మూసినట్టు పొరలు పొరలుగా. ఈగ దాని చుట్టూ తిరిగింది. తల దూర్చింది. దూరలేదు. వెనక్కొచ్చి మళ్లీ దూర్చింది. అంత ఇరుకు. కళ్లజోడు ఇంకా దగ్గరికి తెచ్చి చూస్తోంది స్మీనా. ఈగ కాళ్లతో తోసుకుంటూ తోసుకుంటూ లోపలికి పోయింది. దాని రెక్కలు మాత్రం పోలేదు. పొరల మధ్య ఇరుక్కుని, ఊడి, బయటే ఉండిపోయాయి. గుమ్మం బయట చెప్పులు విడిచినట్టు.

స్మీనా ఇంకో పిందె చూసింది. దాని కన్ను దగ్గర కూడా రెక్కలు. ఆ పక్కదాని దగ్గర రెండు జతలు. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. మెజియాన్ ఉంటే ఇప్పుడే పిలిచి చూపించేది. చెవిలోకే పోయాయి చూడు, నువ్వు కోసిన కోత నిజమే అనేది. చెప్పడానికి మేక తప్ప ఎవరూ లేరు. మేకకే చెప్పింది.

జూలై వచ్చింది. రోజూ పొద్దున్నే చెట్ల కింద చూసుకోవడం, ఏమీ రాలలేదని ఊపిరి పీల్చుకోవడం. ఈలోగా ఆమెకి ఒక వింత కనబడింది. బెలయీద్ మేకలు మేతకి కదలడం లేదు. కడుపులు డోలుల్లా ఉన్నాయి, నీడలో పడుకుని నెమరేస్తున్నాయి. ఎండాకాలం నడిమధ్య, గడ్డి పరక లేని రోజుల్లో, వాటికి అంత తిండి ఎక్కడిది? "మీ మేకలకేం పెడుతున్నావు రా?" అని అడిగింది. "ఏముంది వదినా, దేవుడిచ్చింది" అని తేలు కుట్టిన దొంగలా మొహం తిప్పుకుని పోయాడు.

మూడో శుక్రవారం లూనిస్ తాత వచ్చాడు. వెనకాల బెలయీద్. స్మీనా మజ్జిగ ఇచ్చింది, రొట్టె, ఆలివ్ నూనె పెట్టింది. తాత తిన్నాడు, మీసం తుడుచుకున్నాడు, చెట్టు చెట్టుకీ నడిచాడు. కర్రతో కొమ్మ వంచి పిందె నొక్కి చూశాడు. అన్నీ గట్టిగా, ఆకుపచ్చగా ఉన్నాయి.  పదకొండో చెట్టు దగ్గర లల్లా ఏదో పరపరా నములుతోంది.

"అదేంటి?" అన్నాడు బెలయీద్. వంగి మేక నోట్లోంచి లాగాడు. పసుపచ్చటి, మెత్తటి, ముడతలు పడ్డ పిందె. "రాలుతున్నాయి తాతా. చూడు."

సంచీ గుడ్డకి ఒక మూల చిరుగు పడింది. అందులోంచి జారింది అది.  గుడ్డ గాలికి చిరిగింది, మేకకి దొరికింది అని ఊరుకోవచ్చు. ఎవరూ అడగరు. కానీ ఖాళీ దండల కింద నిలబడి మరిది మెచ్చుకోలు తీసుకున్న రోజు నుంచీ ఆమెకి తిన్న అన్నం ఒంటబట్టలేదు.

"అది నేను రాల్చిందే" అంది. తాడు విప్పి గుడ్డ లాగింది. కొమ్మ మీదివన్నీ ఆ చిన్న కదలికకే టపటపా రాలిపడ్డాయి. అన్నీ పసుపే. ఆ పక్కనే జానెడు దూరంలో ఉన్న కొమ్మకి ఒక్కటీ రాలలేదు. "ఈగ లోపలికి పోకపోతే ఇదీ గతి. ఈగ పోయినవి అవిగో. నమ్మకపోతే చూడండి." కళ్లజోడు తీసి తాత చేతికిచ్చి, నిలిచిన పిందె కొనలో ఎండి అంటుకుని ఉన్న రెక్కలు చూపించింది.

తాత కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఒక పిందె, ఇంకో పిందె. "ఎనభై రెండేళ్లు నాకు" అని మాత్రం అన్నాడు. "ఇది చూడాలని నీకెందుకు పుట్టింది?"

అప్పుడు మొత్తం చెప్పేసింది. కొట్టుగది, గుడ్డ, నల్లటి కుప్ప, ఖాళీ దండలు కట్టి ఊరిని మోసం చేయడం, పై ఊరికి పరుగెత్తడం. "మొదటిసారి నేను నిలబెట్టలేదు తాతా. చంపేశాను. మీరేమంటే అది."

 లల్లా రాలినవన్నీ ఏరుకు తింటోంది. బెలయీద్ దాన్నే చూస్తూ నిలబడ్డాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అసలు నేనూ నిలబెట్టలేదు వదినా" అన్నాడు ఉన్నట్టుండి. "చీకటితోనే కట్టాను. గంటకి గాలి లేచింది. ఈగలన్నీ గాలికి ఎగిరిపోయినట్టున్నాయి, నాకేం తెలుసు. వారం రోజులుగా రాలుతున్నాయి. తెల్లారకముందే ఊడ్చి మేకలకి వేస్తున్నా, ఎవరికీ కనబడకుండా. అవి మాత్రం ఎన్నని తింటాయి, వాటికే మొహం మొత్తింది."

లూనిస్ తాత ముందు దగ్గాడు. దగ్గు నవ్వైంది. నవ్వి నవ్వి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. "రాలినచోట మేకలు బలిశాయి, నిలిచినచోట మేకకి గుప్పెడు దొరికింది. ఇంక నేను చూసేదేముంది" అని కర్ర పట్టుకుని కదిలాడు. "తోట స్మీనాది. వచ్చే ఏడు నీ చెట్లకి దండలెప్పుడు కట్టాలో మీ వదిన్నడుగు రా."

బెలయీద్ వెంటనే కదల్లేదు. రాలిన పిందె ఒకటి చేతిలో తిప్పుతూ, "కోళ్ల షెడ్డు నా దాంట్లోనే వేసుకుంటాలే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ కళ్లజోడు ఒకసారి నాకూ ఇవ్వు వదినా. అన్నయ్య ముళ్లు తీసుకునేది ఇదేగా" అన్నాడు. ఇచ్చింది. పొద్దు వాలేదాకా ఆ చెట్టు కిందే ఉన్నాడు.

ఆగస్టు చివర ఇక పండ్లు కోసుకోవచ్చని సభవాళ్లు ఊళ్లో చాటింపు వేశారు. అప్పటిదాకా సొంత చెట్టు పండైనా ఎవరూ ముట్టరు. స్మీనా మొదటి బుట్ట నింపి, ఆకులు కప్పి, గాడిద మీద పెట్టుకుని పై ఊరెళ్లింది. ఫెత్తా అవ్వ అదే గుమ్మంలో ఉంది.

"చూశావా?"

"చూశాను అవ్వా." పక్కన కూర్చుని చెప్పింది. పిండి పూసుకున్న ఒళ్లు, ఇరుకు కన్ను, తోసుకుంటూ లోపలికి పోవడం.

"పోయి?"

"పోయి లోపలే ఉంటుంది. మళ్లీ రాదు."

అవ్వ నములుతున్న పండు ఆపింది. "అంటే అరవై ఏళ్లుగా నేను ఈగల్ని తింటున్నానా?"

"నేనూ తింటున్నా."

"తియ్యగానే ఉన్నాయిలే" అని మళ్లీ నమిలింది అవ్వ. "మరి ఎందుకు రాదు? రెక్కలుంటాయిగా."

"రెక్కలు గుమ్మం దగ్గరే ఊడిపోతాయి అవ్వా. బయట ఉండిపోతాయి."

 పదమూడేళ్లకి పెళ్లికూతురుగా ఆ ఇంట్లో కాలు పెట్టిన మనిషి అవ్వ. ఒళ్లో ఉన్న ఇంకో పండు తీసి, దాని కొన బొటనవేలితో తడిమింది, ఏదైనా తగులుతుందేమోనని.

"ఎవరైనా తోశారా దాన్ని?" అని అడిగింది. "లేకపోతే అదే వెళ్లిందా?"

స్మీనా తన పదకొండు చెట్లు తలచుకుంది. బెలయీద్ వెళ్లి సుఖంగా ఉండమన్న అన్నల ఇల్లు తలచుకుంది. ఎవరెంత చెప్పినా కొండ దిగని తనని తలచుకుంది.

"అదే వెళ్లింది అవ్వా" అంది. "పట్టకపోయినా తోసుకుని మరీ వెళ్లింది. నా కళ్లతో చూశాను."

"అయితే సరే" అని అవ్వ ఆ పండు నోట్లో వేసుకుంది.